ఎఫ్‌పీజీఏ పిన్నుల్ని కళ్ళతో చెక్ చేయటం మానేశాం

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ని మనమే కోడు రాసి పెట్టుకునే చిప్పు. ఆ కోడుని చిప్పులోకి ఎక్కేలా మార్చే టూలు వివాడో అనండి, క్వార్టస్ అనండి, దానికి మీ బోర్డు ఎలా ఉంటదో అస్సలు తెలీదు. కన్‌స్ట్రెయింట్ ఫైల్లో (ఏ సిగ్నల్ ఏ పిన్నుకో మనం రాసిచ్చే ఫైలు) ఫలానా సిగ్నల్ వై14 పిన్ను మీద అని రాస్తే సరేనంటది, ఏఏ1 అని రాసినా సరేనంటది, ఆ పిన్నుకి బోర్డు మీద కెమెరా తగిలించి ఉందా, ఎల్‌ఈడీ ఉందా, అసలేమీ లేకుండా గాల్లో ఉందా అన్నది దానికి పట్టదు. పిన్ను ఇవ్వటం మర్చిపోతే మాత్రం గోల చేసిద్ది. వివాడో అయితే యూసీఐఓ-1 అని ఎర్రర్ పెట్టి బిట్‌స్ట్రీమ్ (చిప్పులోకి ఎక్కించే ఫైలు) ఇవ్వనంటది, ఐఓ స్టాండర్డ్ (ఆ పిన్ను ఎన్ని వోల్టుల మీద, ఎలా పనిచేయాలో) ఇవ్వకపోతే ఎన్‌ఎస్‌టీడీ-1 అంటది. క్వార్టస్ ఆ మాత్రం కూడా ఆగదు, ఒక క్రిటికల్ వార్నింగ్ పడేసి తనకి నచ్చిన పిన్ను తనే పెట్టేసుకుని ముందుకెళ్ళిపోద్ది. సరే, పిన్ను ఇచ్చాం గానీ తప్పు పిన్ను ఇచ్చాం, అప్పుడు? రెండూ కిక్కురుమనవు. కంపైల్ సుబ్బరంగా అయిపోద్ది, టైమింగ్ కూడా పాస్, బోర్డు మాత్రం పలకదు.

మాది గుంటూరులో చిన్న టీము. మిరపకాయల్ని రంగు చూసి ఏరే మిషన్లకి లోపలి బోర్డులు చేస్తాం (ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు ఊళ్ళో పెట్టుకుని ఇంకేదో చేయటం ఎందుకని మొదలెట్టిన పని, అంతకు మించి పెద్ద ప్లానేమీ లేదు). కాయలు ఏటవాలు రేకు మీద జారుకుంటా కిందికి పడుతుంటాయి, పడేటప్పుడు లైన్ స్కాన్ కెమెరా చూసిద్ది, తాలుకాయో మచ్చకాయో కనపడితే సరిగ్గా దాని ఎదురుగా ఉన్న గాలి నాజిల్ ఒక్క క్షణం తెరుచుకుని ఫట్‌మని దాన్ని పక్కకి కొట్టేసిద్ది. ఏ వాల్వు ఎప్పుడు తెరవాలో తేల్చేది ఎఫ్‌పీజీఏ. 64 వాల్వులు, కెమెరా ఎల్‌వీడీఎస్ జతలు (ఒక్కో సిగ్నల్ కి పీ, ఎన్ అని రెండేసి వైర్లు), డీడీఆర్3 మెమరీ, ఫ్లాష్, ఈథర్‌నెట్, సీరియల్ పోర్టు, ఎల్‌ఈడీలు, అన్నీ ఒక ఆర్టిక్స్-7 చిప్పు చుట్టూ. స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) గీసేది ఒకరు, లేఅవుట్ (బోర్డు మీద రాగి తీగల అమరిక) చేసేది విజయవాడ పటమటలో ఉండే అన్న, వెరిలాగ్ (ఎఫ్‌పీజీఏ కోడు) రాసేది నేనూ, మా టీములో కొత్తగా చేరిన అమ్మాయీ. ఎవరి ఫైలు వాళ్ళది, ఎవరి పేర్లు వాళ్ళవి.

బీజీఏ ప్యాకేజీ తెలీనోళ్ళకి రెండు ముక్కలు. చిప్పు పొట్ట కింద గళ్ళు గళ్ళుగా సోల్డర్ బాల్స్ ఉంటాయి, మా చిప్పుకి 22 అడ్డ వరసలు, 22 నిలువు వరసలు, మొత్తం 484, బాల్‌కీ బాల్‌కీ మధ్య ఒక మిల్లీమీటర్. అడ్డ వరసకి అక్షరం, నిలువు వరసకి అంకె. బ్రాడీపేటలో అడ్రస్ చెప్పినట్టే అన్నమాట, 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని గుంటూరోళ్ళకి చెప్పక్కర్లేదు కదా, ఇక్కడ వై14 అంటే వై వరసలో పద్నాలుగోది. తేడా ఏంటంటే ఐ, ఓ, క్యూ, ఎస్, ఎక్స్, జడ్ అక్షరాలు వాడరు, ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటారని. అందుకే ఏ నుంచి వై దాకా 20 వరసలే వస్తాయి, ఆ తర్వాత ఏఏ, ఏబీ.

ఇదివరకు మా పద్ధతి ఏంటంటే, స్కీమాటిక్ ప్రింట్ తీసుకుని ఒకళ్ళు చదవటం, ఇంకొకళ్ళు కన్‌స్ట్రెయింట్ ఫైల్లో చూసి టిక్కు పెట్టటం. విజయవాడతో ఫోన్లో చేస్తే ఇంకా సరదా. బీ, డీ, పీ, టీ, వీ అన్నీ ఒకేలా వినపడతాయి కాబట్టి బీ అంటే బాపట్ల, డీ అంటే దుగ్గిరాల, పీ అంటే పొన్నూరు, టీ అంటే తెనాలి, వీ అంటే వినుకొండ అని ఊళ్ళన్నీ తిరిగొచ్చేవాళ్ళం. జైలింక్స్ 1985లో తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ ఎక్స్‌సీ2064కి ఉన్నవి 58 ఐఓలు, దానికైతే ఈ పద్ధతి చాలు. రెండొందల పైన పిన్నులకి చాలదు. చదివేవాళ్ళ అజాగ్రత్త అనుకోకండి, అసలు సంగతి వేరే. పేరు రెండు పక్కలా ఒకేలా కనపడేసరికి కన్ను నమ్మేసిద్ది, అంకె దాకా పోదు. పైగా సగం దాకా వచ్చాక ఎవరన్నా స్కీమాటిక్ లో ఒక్క మార్పు చేస్తే ముందు పెట్టిన టిక్కులన్నీ దండగ, మళ్ళీ మొదటినుంచి ఎవరు చదువుతారు, ఎవరూ చదవరు.

తప్పు పిన్ను బోర్డు దాకా వెళ్తే ఏమవుద్దో కూడా చెప్తా. అదృష్టం బాగుంటే ఏమీ జరగదు, ఆ సిగ్నల్ రాదంతే. బాగోకపోతే అవతల చిప్పు అవుట్‌పుట్ పిన్ను మీదకే మన ఎఫ్‌పీజీఏ కూడా అవుట్‌పుట్ తోలుద్ది, ఒకటి పైకి లాగిద్ది ఒకటి కిందికి లాగిద్ది, మధ్యలో కరెంటు పారి చిప్పు వేడెక్కిద్ది. ప్రోబు పెట్టి చూద్దామంటే బాల్స్ అన్నీ చిప్పు కిందే, దారిలో ఎక్కడన్నా వయానో (బోర్డు పొరల్ని కలిపే చిల్లు) రెసిస్టరో బయటికి కనపడితే సరే, లేకపోతే లేదు.

అందుకని పైథాన్ లో స్క్రిప్ట్ రాశాం. పోల్చటం అనేది అసలు పనే కాదండి, రెండు డిక్షనరీలు (చిప్పు వైపు ఏ పిన్ను మీద ఏ సిగ్నల్ ఉందో ఒకటి, బోర్డు వైపు ఏముందో ఒకటి), ఒక లూపు, అయిపోయింది. తిప్పలన్నీ ఆ రెండు డిక్షనరీల్లోకి ఏం పెట్టాలి, ఎక్కడనుంచి తెచ్చి పెట్టాలి అన్న దగ్గరే.

ముందు ఎఫ్‌పీజీఏ పక్క. అందరికీ మొదట వచ్చే ఆలోచన కన్‌స్ట్రెయింట్ ఫైలు తెరిచి రెజెక్స్ తో (అక్షరాల నమూనా చూసి వెతికే పద్ధతి) పిన్ను నెంబర్లు లాగేయటం. చేయొద్దు. ఎక్స్‌డీసీ ఫైలు (వివాడో కన్‌స్ట్రెయింట్ ఫైలు) చూట్టానికి జాబితాలా ఉంటది గానీ అది టీసీఎల్ లాంగ్వేజీ, ఒకరు ఒక్కో ప్రాపర్టీకి ఒక్కో లైను రాస్తారు, ఇంకొకరు డిక్ట్ పెట్టి పిన్నూ స్టాండర్డూ ఒకే బ్రాకెట్లో కుక్కుతారు, మధ్యలో కామెంట్ చేసేసిన పాత లైన్లు, ఒకే పోర్టుకి రెండు ఫైళ్ళలో రెండు పిన్నులు, అలా ఉన్నప్పుడు చివర చదివినది గెలుస్తది, ఇవన్నీ మన రెజెక్స్ కి ఎక్కడ తెలుసు. దానికన్నా టూలునే అడగటం మేలు. వివాడోలో ఇంప్లిమెంటేషన్ (డిజైన్ని చిప్పులో అమర్చే దశ) అయ్యాక రిపోర్ట్ ఐఓ అని కమాండ్ ఇస్తే చిప్పుకున్న ప్రతి బాల్‌కీ ఒక వరస ఇచ్చిద్ది, దాని మీద ఏ సిగ్నల్ కూర్చుంది, ఏ బ్యాంకు (పిన్నుల గుంపు), ఏ స్టాండర్డ్, ఇన్‌పుట్టా అవుట్‌పుట్టా, అన్నీ. క్వార్టస్ లో అయితే ఫిట్టర్ (అక్కడ అమర్చే దశ పేరు) నడిచాక డాట్ పిన్ అనే ఫైలు దానంతటదే వచ్చిద్ది, అందులో చివర యూజర్ అసైన్‌మెంట్ అని ఒక కాలమ్ ఉంటది, ఆ పిన్ను మనం ఇచ్చిందా టూలు తనే పెట్టుకుందా అన్నది అక్కడ వై అనో ఎన్ అనో తెలిసిపోయిద్ది. అంటే మనం ఏం రాశామని కాదు, చివరికి చిప్పులో ఏం ఎక్కబోతుందో దాన్ని పట్టుకుని పోలుస్తున్నాం.

వెరిలాగ్ ఇంకా రాయలేదు, బోర్డు ముందు వెళ్తుంది అంటారా? మరీ మంచిది. పోర్టులు మాత్రం ఉన్న ఖాళీ టాప్ మాడ్యూల్ పెట్టి, ఒక్కో ఇన్‌పుట్ ని రిజిస్టర్ లోకి, ఒక్కో అవుట్‌పుట్ ని ఒక కౌంటర్ బిట్ నుంచి ఇచ్చి, నిజం క్లాకుల్ని నిజం పిన్నుల మీద పెట్టి ఒకసారి ఇంప్లిమెంట్ చేసేయండి. సింగిల్ ఎండెడ్ క్లాకు క్లాక్ కేపబుల్ పిన్నులో పీ వైపు కాకుండా ఎన్ వైపు పడిందని టూలు తిడితే ఇప్పుడే తిట్టనివ్వండి, బోర్డు ఫ్యాబ్ కి (తయారీకి) వెళ్ళకముందు.

ఇంక బోర్డు పక్క. నెట్‌లిస్ట్ కావాలి, అంటే ఏ నెట్టుకి (ఒక వైరుకి) ఏ పార్టు ఏ పిన్ను తగిలిందో చెప్పే జాబితా. బోర్డు గీసే టూలు కైక్యాడ్ అయితే ఎస్-ఎక్స్‌ప్రెషన్ లాగా బ్రాకెట్లు బ్రాకెట్లుగా వచ్చిద్ది, ఒక్కో నెట్టు పేరు, దాని కింద ఏ పార్టు ఏ పిన్ను అని. ఆల్టియం వాళ్ళ పాత ప్రొటెల్ ఫార్మాట్ అయితే ఇంకా తేలిక, ఒక బ్రాకెట్, నెట్టు పేరు, కింద వరసగా యూ1-వై14 అని. ఏది దొరికితే అది, ఫార్మాట్ గురించి కొట్టుకోనక్కర్లేదు. కొట్టుకోవాల్సింది ఒక్కదాని గురించి, అది స్కీమాటిక్ నుంచి తీసిన నెట్‌లిస్టా, పీసీబీ నుంచి తీసిందా. లేఅవుట్ చేసేవాళ్ళు తీగలు అడ్డం పడకుండా పిన్నులు మార్చుకుంటారు, ఎఫ్‌పీజీఏకి అది తప్పేం కాదు, అసలు దాన్ని వాడేదే అందుకు. కానీ ఆ మార్పు వెనక్కి స్కీమాటిక్ లోకి రాకపోతే కాగితం మీద ఒకటి, రాగి మీద ఇంకోటి. ఫ్యాక్టరీలో తయారయ్యేది రాగి. కాబట్టి పీసీబీ నుంచే తీయండి, కుదిరితే రెండూ తీసి రెండిటినీ కూడా పోల్చండి. ఒక్క జాగ్రత్త, బేర్ బోర్డు టెస్టుకి ఇచ్చే ఐపీసీ-డి-356 ఫైలు చేతికొచ్చింది కదా అని దాన్ని వాడేముందు చూస్కోండి, అందులో నెట్టు పేరుకి 14 అక్షరాలే చోటు. పేర్లు పొడుగ్గా పెట్టుకునే అలవాటున్నోళ్ళకి సగం పేర్లు తెగిపోయి రెండు మూడు నెట్లు ఒకేలా కనపడతాయి.

ఇప్పుడు అసలు నరకం, పేర్లు. వెరిలాగ్ లో ఎల్‌ఈడీ బ్రాకెట్ 3, స్కీమాటిక్ లో ఎల్‌ఈడీ అండర్‌స్కోర్ 3, లేదా ఒకటి నుంచి లెక్కెట్టి ఎల్‌ఈడీ 4. రీసెట్ కి చివర ఎన్ అని ఒకరు, బీ అని ఒకరు, ముందు టిల్డే పెట్టి ఒకరు. కైక్యాడ్ లో షీటు లోపలి నెట్టుకి ముందు ఆ షీటు పేరూ గీతా తగులుకుని వస్తాయి. ఇక పేరే పెట్టని నెట్టుకి అది తనే ఏదో పార్టు పేరూ ప్యాడ్ నెంబరూ కలిపి ఒక పేరు కట్టిద్ది. మా టీము అమ్మాయి మొదట చేసింది ఏంటంటే పైథాన్ లో డిఫ్‌లిబ్ ఉంది కదా, రెండు పేర్లూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి దగ్గరున్నదాన్ని జత కట్టేద్దామని. తొంభై శాతం పైన పోలిక ఉంటే ఓకే అని. చూట్టానికి బ్రహ్మాండంగా ఉంది, ఒక్క దెబ్బకి దాదాపు అన్నీ కలిసిపోయినయ్.

"సార్, అన్నీ మ్యాచ్ అయినయ్!"

"మ్యాచ్ అవుతాయమ్మా, టీఎక్స్ కీ ఆర్‌ఎక్స్ కీ ఎన్ని అక్షరాలు తేడా చెప్పు?"

"...ఒకటి."

అదీ సంగతి. ఎక్కడ తప్పు జరగటానికి వీలుందో సరిగ్గా అక్కడే పేర్లు ఒక్క అక్షరం తేడాలో ఉంటాయి. పీ, ఎన్. టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). డీ6, డీ9. పోలిక చూసి జత కట్టే స్క్రిప్ట్ పట్టుకోవాల్సిన తప్పుల్నే దాచేసిద్ది. కాబట్టి మా స్క్రిప్ట్ ఊహించదు. పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఒకటే అనుకునిద్ది, బ్రాకెట్ నీ అండర్‌స్కోర్ నీ ఒకటే చేసిద్ది, అంతే, అంతకు మించి ఏ తేడా ఉన్నా ఒక సీఎస్‌వీ ఫైల్లో మనం చేత్తో రాయాలి. మూడు కాలమ్స్: పోర్టు పేరు, నెట్టు పేరు, ఎందుకు. ఆ మూడో కాలమ్ ఖాళీగా ఉంటే స్క్రిప్ట్ నడవదు, నేనే అలా పెట్టా. మొదట్లో అందరూ విసుక్కున్నారు, ఇప్పుడు ఆ ఫైలే మా బోర్డు గురించి ఉన్న అన్నిట్లోకీ పనికొచ్చే డాక్యుమెంట్, కొత్తగా వచ్చినోళ్ళకి ముందు అదే చదవమని ఇస్తున్నాం.

ఉదాహరణకి ఫ్లాష్ క్లాకు. స్కీమాటిక్ లో ఎఫ్‌పీజీఏ నుంచి ఫ్లాష్ కి క్లాకు వైరు కనపడుతుంటది, కన్‌స్ట్రెయింట్స్ లో ఎంత వెతికినా ఉండదు. 7 సిరీస్ లో అది సీసీఎల్‌కే అనే ప్రత్యేకమైన పిన్ను, మామూలు పోర్టులాగా ప్యాకేజ్ పిన్ను ఇచ్చి వాడుకోవటం కుదరదు, స్టార్టప్ఈ2 అనే ప్రిమిటివ్ (చిప్పులో ముందే ఉండే బ్లాకు) లోపలినుంచి తోలాలి. స్క్రిప్ట్ కి అది తెలీదు కాబట్టి నెట్టు ఉంది పోర్టు లేదు అని అరిచిద్ది, ఫైల్లో ఒక లైను రాసి కారణం పెడతాం, ఇంక అరవదు.

పేర్ల తర్వాత సిరీస్ రెసిస్టర్లు. వేగంగా తిరిగే సిగ్నల్ కి ఎఫ్‌పీజీఏ దగ్గర ఒక 22 ఓమ్సో 33 ఓమ్సో పెడతారు కదా, దాంతో ఒక వైరు రెండు నెట్లైపోద్ది, పేరున్నది అవతలి ముక్కకి, మన బాల్‌కి తగిలి ఉన్నది పేరులేని ముక్క. కాబట్టి స్క్రిప్ట్ రెసిస్టర్ దాటి అవతలికి వెళ్ళి చూడాలి. కానీ ఏ రెసిస్టర్ పడితే అది దాటితే కొంప మునిగిద్ది, 4.7కే పుల్‌అప్ ని (లైన్ని పైకి పట్టి ఉంచే రెసిస్టర్) దాటిందంటే పోయి పోయి 3.3 వోల్టుల పవర్ రైలు (సప్లై లైను) మీద పడిద్ది, ఆ రైలు మీద ఊళ్ళో ఉన్న పుల్‌అప్ లన్నీ ఉంటాయి, దాంతో ఐ2సీ డేటా, రీసెట్, బటన్లు అన్నీ ఒకే నెట్టు అని తేల్చిద్ది. అందుకని 100 ఓమ్స్ లోపు ఉంటేనే దాటు, అవతల పక్క పవర్ నెట్టో గ్రౌండో అయితే ఎంత విలువైనా దాటొద్దు. దీనికి ఇంకో చిక్కు, ఎల్‌వీడీఎస్ జత మధ్యలో 100 ఓమ్స్ టర్మినేషన్ పెట్టినప్పుడు పీ నుంచి ఎన్ లోకి దూకేసిద్ది, అందుకే "లోపు" అన్నా, 100 కూడా కలిపారో అంతే సంగతులు. రెసిస్టర్ ప్యాక్ లు ఉంటే ఒకటికి ఎనిమిది, రెండుకి ఏడు, మూడుకి ఆరు, నాలుగుకి ఐదు అని జతలు మనమే చెప్పాలి, అవి కూడా పార్టు డేటాషీటు తీసి చూసి.

సీరియల్ పోర్టు సంగతి అందరికీ తెలిసిందే. యూఆర్ట్ టీఎక్స్ అని స్కీమాటిక్ లో రాసుంటే అది ఎవరి టీఎక్స్? యూఎస్‌బీ చిప్పుదా, ఎఫ్‌పీజీఏదా? పేరు చూసి ఎవరూ చెప్పలేరు, చర్చ మొదలైతే టీ చల్లారిపోయిద్ది. పేరు వదిలేసి దిక్కు చూడాలి. కైక్యాడ్ కొత్త వెర్షన్ల నెట్‌లిస్ట్ లో ఒక్కో పిన్ను పక్కన అది ఇన్‌పుట్టా అవుట్‌పుట్టా అన్నది కూడా వచ్చిద్ది. ఎఫ్‌పీజీఏ సింబల్ లో పిన్నులన్నీ మామూలుగా రెండు దిక్కులూ అని పెట్టుంటారు కాబట్టి దాన్ని చూసి లాభం లేదు, అవతలి చిప్పు ఏమంటుందో చూడాలి. అవతల అవుట్‌పుట్, మన రిపోర్ట్ ఐఓలో కూడా అవుట్‌పుట్, అంటే ఎర్రర్. రెండు పక్కలా ఇన్‌పుట్ అయినా ఎర్రరే. ఈ ఒక్క రూలు టీఎక్స్ ఆర్‌ఎక్స్ గొడవల్ని దాదాపు ఊడ్చేసింది.

ఇంతవరకు చేసింది స్కీమాటిక్ కరెక్ట్ అనుకుని. మరి స్కీమాటిక్ లో ఎఫ్‌పీజీఏ సింబలే తప్పు గీసుంటే? 484 పిన్నుల సింబల్ ని ఎవరో ఎప్పుడో చేసి లైబ్రరీలో పెట్టారు, అందరూ వాడుకుంటున్నారు. అందుకే మూడో ఫైలు. చిప్పు కంపెనీ ప్రతి ప్యాకేజీకి ఒక టెక్స్ట్ ఫైలు ఇచ్చిద్ది, ప్రతి బాల్ పేరు, దాని పని, బ్యాంకు నెంబరు. అందులో పిన్ను పేరే సగం కథ చెప్పిద్ది. ఐఓ ఎల్12పీ టీ1 ఎంఆర్‌సీసీ 35 అంటే పన్నెండో జతలో పీ వైపు, ఒకటో బైట్ గ్రూపు, క్లాకు తీసుకోగలదు, 35వ బ్యాంకు. దీంతో సింబల్ లోని పేర్లన్నీ పోల్చేస్తాం, అది తేలిక.

తేలిక కానిదీ నాకు అన్నిట్లోకీ ఇష్టమైనదీ వోల్టేజీ చెక్. ఒక బ్యాంకుకి ఒకటే వీసీసీఓ (ఆ పిన్నులకిచ్చే సప్లై వోల్టేజీ), ఆ బ్యాంకులో పిన్నుల స్టాండర్డ్ లన్నీ దానికి తగ్గట్టు ఉండాలి. అవి ఒకదానికొకటి పొసుగుతున్నాయా లేదా అని టూలు చూసిద్ది, బ్యాంకు అంతా ఎల్‌వీసీమాస్33 (3.3 వోల్టుల స్టాండర్డ్) పెడితే హాయిగా పాస్ చేసిద్ది. బోర్డు మీద ఆ బ్యాంకు వీసీసీఓ బాల్స్ కి ఎంత ఇచ్చారో దానికెట్లా తెలిసిద్ది? మన దగ్గర నెట్‌లిస్ట్ ఉంది కదా. కంపెనీ ఫైల్లోంచి 34వ బ్యాంకు వీసీసీఓ బాల్స్ ఏవో తీసి, నెట్‌లిస్ట్ లో అవి ఏ రైలుకి తగిలాయో చూసి, ఆ రైలు 1.5 వోల్టులు అయితే అక్కడ 3.3 స్టాండర్డ్ ఎవరు పెట్టారని అడిగిద్ది. ఇరవై లైన్లు కూడా లేని కోడు. ఇది ఒక్కటే రాసుకుని మిగతాదంతా వదిలేసినా పర్లేదంటా నేను.

అదే ఫైలు ఇంకో చోట కూడా పనికొచ్చింది. చిప్పు ధర తగ్గిద్దామని ఆర్టిక్స్-7లో మేం వాడే 100టీ బదులు దానికన్నా చిన్నదైన 35టీ పెడదామన్నారు, ప్యాకేజీ అదే, ఎఫ్‌జీజీ484, ఫుట్‌ప్రింట్ మార్చక్కర్లేదు. నిజమే, కూర్చుంటది. కానీ ఆ ప్యాకేజీలో 100టీకి 285 ఐఓలు, 35టీకి 250. ఆ 35 బాల్స్ చిన్న చిప్పులో దేనికీ తగిలి ఉండవు. స్క్రిప్ట్ కి 35టీ ఫైలు ఇచ్చి నడిపితే వాటి మీద ఏ వాల్వులు కూర్చున్నాయో వరసగా చెప్పేసింది, సదరు ప్రతిపాదన ఆ సాయంత్రమే పక్కకెళ్ళింది.

వాల్వులంటే గుర్తొచ్చింది, అన్న పిన్నులు మార్చిన కథ. బోర్డు చివరి రూటింగ్ లో వాల్వు లైన్లు రెండు ఒకదానికొకటి అడ్డం వచ్చాయి, ఆయన అటుదిటు ఇటుదటు చేసి తీగ నీట్ గా లాగాడు, లాగి నోట్ లో రాశాడు కూడా, ఆ నోటు పాత వెర్షన్ మెయిల్లో ఉండిపోయింది. స్క్రిప్ట్ ఇట్లా అన్నది (ఎజెక్టర్ అంటే వాల్వు లైనే):

ఎజెక్టర్ 37: చిప్పులో ఏఏ1, బోర్డులో ఏబీ1
ఎజెక్టర్ 38: చిప్పులో ఏబీ1, బోర్డులో ఏఏ1

ఫోన్ చేశా. "అన్నా, 37, 38 మార్చావా?" "మార్చా, రాశాగా బాబూ నీకు." "ఎక్కడ రాశావన్నా?" కాసేపు కీబోర్డు చప్పుడు. "...ఆఁ, అది ఇంకో మెయిల్లో ఉన్నట్టుంది. నీ వైపు మార్చుకో, నేను మళ్ళీ రూట్ చేయను, ఈ ఎండలో." మే నెల, విజయవాడ, ఆయన్ని అనటానికేం లేదు. కన్‌స్ట్రెయింట్ లో రెండు లైన్లు మార్చాం, అయిపోయింది. ఇది దొరక్కుండా మిషన్ దాకా వెళ్ళుంటే ఎట్లా ఉండేదో ఊహించండి. బోర్డు బానే పని చేసిద్ది. కెమెరా బానే చూసిద్ది. తాలుకాయ 37 ముందు పడితే 38 ఊదిద్ది, పక్కనున్న మంచికాయ ఎగిరిపోయిద్ది. అరవై నాలుగిట్లో రెండే కాబట్టి ఎవరికీ ఇది వైరింగ్ అని అనిపించదు, టైమింగ్ అనుకుంటారు, కెమెరా యాంగిల్ అనుకుంటారు, గాలి ప్రెషర్ అనుకుంటారు, క్యాలిబ్రేషన్ మీద క్యాలిబ్రేషన్ చేసుకుంటా కూర్చుంటారు.

అన్ని మార్పులకీ మన వైపు రెండు లైన్లు మారిస్తే సరిపోదు. ఎల్‌వీడీఎస్ జతలో పీ, ఎన్ తిప్పితే పిన్ను మార్చి సరిచేయలేం, చిప్పులో పీ బాల్ పీనే. అక్కడ డేటాని లోపల తిరగేయాలి. అందుకని సీఎస్‌వీలో కారణం కాలమ్ లో "తిరగేసింది" అని ఉన్న ప్రతి లైనుకీ వెరిలాగ్ లోని ఇన్వర్ట్ మాస్క్ లో (ఏ బిట్లు తిరగేయాలో చెప్పే జాబితా) ఆ బిట్టు 1 ఉందా లేదా అని కూడా స్క్రిప్ట్ చూసిద్ది. డీడీఆర్3 లో మెమరీ చిప్పు వైపు ఒక బైట్ లోపల డేటా బిట్లు అటూ ఇటూ మార్చుకోవచ్చు, రాసింది ఎట్లా రాస్తే అట్లాగే వెనక్కి వచ్చిద్ది కాబట్టి ఏం కాదు, అడ్రస్ లైన్లు మాత్రం ముట్టుకోకూడదు. కాబట్టి డేటా బిట్ల దగ్గర అదే బైట్ లోపల ఉందా అన్నంతవరకే అడిగిద్ది.

వాడని పిన్నుల్ని కూడా వదలొద్దు. బోర్డు మీద ఎఫ్‌పీజీఏకి వైరు ఉంది, మన డిజైన్ లో పోర్టు లేదు, ఏమవుద్ది? వివాడో మామూలుగా వాడని పిన్నులకి లోపల బలహీనమైన పుల్‌డౌన్ పెట్టిద్ది. ఎల్‌ఈడీ అయితే సమస్య లేదు. అదే ఆ వైరు ఒక ఎస్‌పీఐ చిప్పు యాక్టివ్-లో చిప్ సెలెక్ట్ (కిందికి లాగితే చిప్పు పలికే పిన్ను) అనుకోండి, ఈ వెర్షన్ లో ఆ చిప్పు వాడట్లేదు కదా అని పోర్టు తీసేశారనుకోండి, పుల్‌డౌన్ దాన్ని మెల్లగా కిందికి లాగి చిప్పుని సెలెక్ట్ చేసి కూర్చోబెట్టిద్ది, అదే బస్సు మీద ఉన్న ఇంకో చిప్పు మాట్లాడేటప్పుడు ఇది కూడా అడ్డం పడిద్ది. అందుకే పోర్టులేని నెట్టు ఏదున్నా సీఎస్‌వీలో లైను పడాల్సిందే, అవతల పుల్‌అప్ ఉందా లేదా కారణంలో రాయాల్సిందే.

నడపటం గురించి ఒక్క మాట. స్క్రిప్ట్ బాగుంటే ఏమీ ప్రింట్ చేయకూడదు. "ఇవి మామూలు వార్నింగులే, పట్టించుకోకు" అన్న జాబితా ఒకసారి మొదలైందంటే అది పెరిగిద్దే తప్ప తగ్గదు, నలభై మామూలు వార్నింగుల మధ్య నలభై ఒకటోది ఎవరి కంటా పడదు. మాది సున్నా లైన్లు వస్తేనే గెర్బర్ ఫైళ్ళు (బోర్డు తయారీకి ఇచ్చేవి) బయటికెళ్తాయి. నెట్‌లిస్ట్, రిపోర్ట్, సీఎస్‌వీ మూడూ ఒకే గిట్ రిపోలో (మార్పులన్నీ గుర్తుపెట్టుకునే ఫైళ్ళ గూడు) ఉంటాయి, అందరం అందులోనే పెడతాం, స్కీమాటిక్ గీసే ఆయనతో సహా. ఆయనకి గిట్ నేర్పటం స్క్రిప్ట్ రాయటం కన్నా కష్టమైంది, అది వేరే పోస్టు రాయాల్సిన విషయం.

ఇంకా దీని చేతికి చిక్కనిది ఒకటుంది, కనెక్టర్. మెయిన్ బోర్డు మీద 40 పిన్నుల హెడర్, వాల్వు బోర్డు మీద దాని జత, మధ్యలో ఫ్లాట్ కేబులు. ఒక బోర్డులో కనెక్టర్ ని ముందు నుంచి చూసి నెంబర్లు వేశారు, ఇంకో బోర్డులో వెనక నుంచి చూసి వేశారనుకోండి, ఏ బోర్డుకి ఆ బోర్డు నెట్‌లిస్ట్ పర్ఫెక్ట్, కలిపితే బేసి సరి వరసలు తారుమారు. రెండు నెట్‌లిస్ట్ లూ కలిపి, కేబులుని కూడా ఒక పార్టులాగా మధ్యలో పెట్టి, ఎఫ్‌పీజీఏ బాల్ దగ్గర మొదలెట్టి వాల్వు ట్రాన్సిస్టర్ దాకా నడిపిద్దామని రాస్తున్నాం. కేబులు ఎలా తిరుగుద్దో చెప్పే ఫైలు మాత్రం ఏ టూలూ ఇవ్వదు, అది నిజం కేబులు పట్టుకుని మల్టీమీటర్ బీప్ పెట్టి ఒక్కో పిన్నూ చూసి చేత్తో రాయాల్సిందే, ఆ పని ఈ వారం అమ్మాయీ నేనూ పంచుకున్నాం, ఒకటి నుంచి ఇరవై తనవి, మిగతావి నావి.